దత్తాత్రేయ సేటు ఎక్కిన ఓడ

మానుకోటలో మిర్చి దుకాణం అరుగు మీద కూర్చుని ఒక్కసారి కూడా తుమ్మకుండా గంటసేపు మాట్లాడగల మనిషి దత్తాత్రేయ సేటు ఒక్కడే. తక్కినవాళ్లు వస్తూ తుమ్ముతారు, పోతూ తుమ్ముతారు, మధ్యలో రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆయన చెప్పేది వింటారు. ఆయనది రైతుల సరుకును కమీషను మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం. గూడూరు వైపు నుంచీ దంతాలపల్లి వైపు నుంచీ మిర్చి బండ్లు వచ్చి ఆయన వాకిట్లోనే ఆగుతాయి. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. తలుపు అవతల ఆయన భార్య రుక్మిణమ్మ ఉంటుంది. అరుగు మీదికి చాయ్ ఆ తలుపులోంచే వస్తుంది.

రైతులకు ఆయన కాంటా మీద నమ్మకం, ఆయన మాటల మీద మోజు. అందులోనూ ఓడ ముచ్చట అంటే చెవి కోసుకుంటారు. నాలుగేళ్ల కింద దత్తాత్రేయ మద్రాసు పోయి, రేవులో ఆగి ఉన్న పెద్ద సరుకుల ఓడ ఎక్కి వచ్చాడు. అది నిజం. వెంట ఇద్దరు స్నేహితులు ఉన్నారు, అదీ నిజం. ఒకడు దుకాణంలో కాంటా వేసే ఓదెలు. రెండోవాడు సోమేశ్వర్, ఇప్పుడు వరంగల్లులో వ్యాపారం పెట్టుకున్నాడు. తిరిగొచ్చిన ఏడాది ఆ ఓడ మానుకోట స్టేషను ప్లాటుఫారమంత ఉండేది. మరుసటేడు స్టేషను మొత్తం అందులో పట్టేది. ఆ పై ఏడు దాని ఒక కొస మానుకోటలో ఉంటే రెండో కొస పక్క స్టేషను గుండ్రాతిమడుగు దాకా పోయింది. వానలు లేక చేలు ఎండిపోయినా ఆ ఓడ మాత్రం ఏటేటా పెరుగుతూనే వచ్చింది.

ఎనభై ఏడులో, వానాకాలం సగం దాటినా వాగులో ఇసుకే కనిపిస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం అరుగు మీద నలుగురు పోగయ్యారు. ఓదెలు ఖాళీ గోనెసంచుల కట్ట మీద ఒరిగాడు. రైల్వేలో పట్టాల పని చేసి దిగిపోయిన సోమయ్య గోడకు వీపు ఆనించాడు. ఈ సోమయ్యకు మధ్యమధ్యలో ఒక మాట అందించి సేటును ఎగదోయడం సరదా. అప్పుడే గూడూరు దగ్గరి తండా నుంచి సేవ్యా వచ్చాడు. వెంట భార్య లాలి ఉంది. జత ఎడ్లను ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికి కట్టేసి, ఇద్దరూ అరుగు అంచున కూర్చున్నారు.

సేవ్యా ఎప్పుడొచ్చినా ముందు మిర్చి ధర అడుగుతాడు. ఆ రోజు అడగలేదు. "సేటూ, ఓడ ముచ్చట జర చెప్పు. మల్లొకపారి మంచిగ ఇందామని వచ్చిన" అన్నాడు.

అడిగించుకుని చెప్పడంలో ఉన్న సుఖం దత్తాత్రేయకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. కాళ్లు పైకి ముడుచుకుని పీట మీద సర్దుకున్నాడు.

"చెప్పేదేముంది సేవ్యా, పెద్ద ముచ్చటేం కాదు. మన మిర్చి కొన్న మద్రాసు సేటు ఒకాయన, సరుకు ఓడెక్కుతాంది, వచ్చి చూస్తరా అని పిలిచిండు. నేను, సోమేశ్వరు, గీ ఓదెలు, ముగ్గురం రైలెక్కినం. ఆయన పాసులిప్పిచ్చిండు, రేవు లోపలికి పోయినం. ఓడ అంటే నువ్వేమనుకుంటున్నవో, పడవ కాదు అది, ఇనుము, కింద ఇనుము, మీద ఇనుము, చుట్టూ ఇనుము. దాని మీద ఇనుప పెట్టెలు, ఒక్కొక్క పెట్టె గూడ్సు బండి డబ్బంత ఉంటది, గసొంటియి పెట్టె మీద పెట్టె, పెట్టె మీద పెట్టె, మనం బస్తాలు నిట్టు పెడ్తం సూడు, గట్ల. కొస ఎక్కడుందో అని తలెత్తి చూసిన, నెత్తి రుమాలు ఎనక్కి పడిపోయింది. అడుగు ఓదెలును."

"పడ్డది" అన్నాడు ఓదెలు. ఓడ సంగతి ఏది అడిగినా ఓదెలు కాదనడు.

"నిచ్చెన ఎక్కి మీదికి పోయినం. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? కప్తాను ఎదురొచ్చిండు. తెల్ల బట్టలు, తెల్ల టోపి. మానుకోట సేటు వచ్చిండని కుర్చీ ఏపిచ్చిండు. చాయ్ తాపిచ్చిండు. మీ మిర్చికి గంత పేరెందుకొచ్చిందో నాకు చూపియ్యి అన్నడు. నేను పెట్టె తలుపు తెరిపిచ్చి, బస్తా మూతి ఇప్పి, ఒక్క కాయ తీసి ఇరిచిన. గంతే సోమయ్యా. కప్తాను తుమ్మిండు. ఎనకున్నోళ్లు తుమ్మిన్రు. కింద ఇంజన్ కాడ ఉన్నోళ్లు, వంట చేసేటోళ్లు, జెండా కాడ నిలవడ్డోడు, ఓడ ఓడంత ఒక్కపారే తుమ్మె. ఆ ఊపుకు కట్టిన తాళ్లు పటపట తెగి, ఇంజన్ నడవకుంటనే ఓడ ఫర్లాంగు దూరం పోయి నిలవడ్డది."

తాళ్లు తెగితే మరి మీరు ఎట్లా దిగారని సోమయ్య అడిగాడు. ఇంకోసారి తుమ్మించి ఒడ్డుకు తెచ్చామని దత్తాత్రేయ చెప్పాడు. ఓదెలు తలూపాడు. సేవ్యా నవ్వలేదు. అతనికి కావలసిన మాట ఇంకా రాలేదు.

"కప్తాను నీ చెయ్యి పట్టుకొని ఏమన్నడో అది చెప్పు" అన్నాడు.

ఆ మాట నిరుడు కథలోకి వచ్చి చేరింది. ఎందుకు చేర్చాడో దత్తాత్రేయకే గుర్తు లేదు. ఎవరో గట్టిగా నవ్వారని ఆ ఊపులో అనేసి ఉంటాడు. ఇప్పుడు మాత్రం అలవాటుగా చెప్పేశాడు. కప్తాను తన చెయ్యి పట్టుకుని, మీ దిక్కు మనిషి ఎవరొచ్చినా నీ పేరు చెప్పమను, ఓడ మీద నౌకరీ ఇస్తా అన్నాడని.

"గదే" అన్నాడు సేవ్యా. ముందుకు జరిగి కూర్చున్నాడు. "రేపు అంగడిల ఎడ్లనమ్ముతున్న సేటూ. ఎల్లుండి రైలుకు మద్రాసు పోత. నీ పేరే చెప్త. నేను పని కుదురుకున్నంక లాలిని తోల్కపోత. రెండేండ్ల సంది వాన లేదు, భూమిని నమ్ముకొని ఏం చేస్తం."

లాలి స్తంభం దగ్గరున్న ఎడ్ల వైపు చూసింది. దూడలప్పటి నుంచి పెంచిన ఎడ్లు అవి.

దత్తాత్రేయకు మద్రాసు రేవు గేటు కళ్ల ముందు మెదిలింది. పాసు లేనివాణ్ని కర్రతో అదిలించే కావలివాళ్లు, గేటు బయట రోడ్డు వారన మూటల మీద తలపెట్టి పడుకున్న మనుషులు, వాళ్లలో ఎవరి భాషా ఎవరికీ అర్థం కాని అరుపులు. ఆ గుంపులో నిలబడి, నేను మానుకోట సేటు మనిషిని అని సేవ్యా చెబుతున్నట్టు కనిపించింది. మద్రాసు రేవులో మానుకోట సేటంటే ఎవరికి తెలుసు? అప్పటికి ఎడ్లు పోతాయి. ఎడ్లు పోయాక వాన పడ్డా సేవ్యాకు లాభం లేదు.

అబద్ధమని ఒక్క మాట అంటే అయిపోయేది. కాని ఎదురుగా సోమయ్య ఉన్నాడు. సాయంత్రానికి ఆ మాట స్టేషను దాకా పోతుంది. నాలుగేళ్లుగా ఈ అరుగు మీద సంపాదించుకున్న పేరు ఒక్క మాటతో మట్టిలో కలిసిపోతుంది. ఆ కప్తాను ఇంకా అక్కడే ఉన్నాడో లేడో అని మాత్రం దత్తాత్రేయ మెల్లగా అన్నాడు. కప్తాను పోయినా ఓడ ఉంటుంది కదా అన్నాడు సేవ్యా. అదీ నిజమే.

అప్పుడు దత్తాత్రేయకు ఒక ఉపాయం తోచింది. సేవ్యా తెలివితక్కువవాడు కాదు, బాధలో ఉన్నాడు, అంతే. కథను ఎవ్వరూ నమ్మలేనంత ఎత్తుకు తీసుకుపోతే, ఊకో సేటూ, గట్లెట్లయితది అని తనే లేచి ఎడ్లు తోలుకుని ఇంటికి పోతాడు. తను అబద్ధమని ఒప్పుకోనక్కర్లేదు, ఎడ్లూ దక్కుతాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తన మాట ఎవరూ నమ్మకూడదని దత్తాత్రేయ కోరుకున్నాడు.

"పోతె పో గని, ఆ ఓడ మీద బతుకుడు మనసొంటోళ్లతోని కాదు" అని మొదలుపెట్టాడు. "మీకు ఇన్ని దినాలు సగమే చెప్పిన. మొత్తం చెప్తే నమ్మరని. ఓడ ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే ఒడవదు. ఓడ మీద బస్సుంది. ఎర్ర బస్సు. కండక్టరు టికెట్ కొడ్తడు. నడిమిట్ల ఒక కాడ దింపి చాయ్ తాగమంటడు. ముందు దిక్కు ఎండ కొడ్తాంటది, ఎనక దిక్కు వాన పడ్తాంటది. ముందటోడు బట్టలు ఎనకటోని కాడ పిండి తెచ్చి ఈడ ఆరేసుకుంటడు."

ఇక లేస్తాడని చూశాడు. సేవ్యా లేవలేదు.

"వాన పడ్తదా గాడ?" అన్నాడు. అడిగిన తీరు చూసి సోమయ్య కూడా నవ్వు ఆపుకున్నాడు. రెండేళ్లుగా వాన చూడని మనిషి దగ్గర ఆ మాట ఎందుకన్నానా అని దత్తాత్రేయ నాలిక కరుచుకున్నాడు. ఇంకో మెట్టు ఎక్కక తప్పలేదు.

"పడుడేంది, పంటలే పండిస్తున్రు. పెట్టెల మీద మట్టి పోసి మిర్చి తోటలు పెట్టిన్రు. నేను చూసిన. ఓదెలు చూసిండు. నాగండ్లు కట్టి దున్నుతున్రు సేవ్యా, సముద్రం మీద. సాలు మొదలుపెడితే సాలు కొసకు వచ్చే వరకు ఓడ ఇంకో దేశంల ఉంటది. ఈడ ఇత్తనం పెడితే సింగపూరుల మొలుస్తది. ఏ దేశపోడు ఏ పన్ను అడుగుతడో ఎవనికి తెల్వదు."

"తెల్వదు" అన్నాడు ఓదెలు. అంటూనే ఎందుకో సేటు ముఖం వైపు అనుమానంగా చూశాడు. ఈ తోటల సంగతి అతనూ మొదటిసారి వింటున్నాడు.

నాగళ్ల మాట వినగానే లాలి తల ఎత్తింది. అప్పటిదాకా ఎడ్ల మీదే ఉన్న చూపు సేటు మీదికి వచ్చింది. సేవ్యా ఆమెతో తమ భాషలో ఏదో అన్నాడు. ఆమె గబగబా బదులు చెప్పింది. ముఖం విచ్చుకుంది.

"సేటూ, అయితే ఎడ్లనమ్ముడెందుకు?" అన్నాడు సేవ్యా. "ఎడ్లను కూడ ఓడెక్కిస్త. నాగలి కూడ పట్కపోత. లాలి ఇప్పుడే వస్తనంటుంది."

ఇంతవరకూ ఒక మనిషే పోతానన్నాడు. ఇప్పుడు భార్యా, ఎడ్లూ, నాగలీ కూడా మద్రాసు రైలుకు బయలుదేరుతున్నారు. తన మాటకు ఇంత బలం ఉందని తెలిసినందుకు దత్తాత్రేయ ఇంకొక రోజైతే పొంగిపోయేవాడు. ఆ రోజు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. చిన్న అబద్ధాలకు లొంగేవాడు కాదు వీడు, గుండె ఆగిపోయేంత పెద్దది కావాలి అనుకున్నాడు. కండువా తీసి చేతి మీద పరిచాడు.

"నువ్వు అంగడిల ఎడ్ల బేరం చూసినవ్ గద సేవ్యా. రుమాలు కప్పి, కింద వేళ్లు పట్టుకొని ధర చెప్పుకుంటరు, బయట నిలవడ్డోనికి తెల్వదు. గట్లనే, నాకు ఇంగ్లీషు రాదు, కప్తానుకు తెలుగు రాదు. నేను కండువా కప్పిన. కప్తాను చెయ్యి కిందికి గుంజిన. రెండు వేళ్లు పట్టుకున్న. ఉహుఁ అన్నడు. మూడు వేళ్లు పట్టుకున్న. ఆయన నా బొటనేలు ఒత్తిండు. ఒక జాములనే బేరం తెగింది. ఏం బేరమో ఎరుకేనా? ఓడ. ఓడ కొనుక్కున్న. మిర్చి బస్తాలు ఇస్తనన్న, ఓడ నాకిచ్చేసిండు. గిప్పుడు మద్రాసు రేవుల ఉన్నది నా ఓడ. గీ సంగతి ఇన్ని దినాలు ఎవ్వనికి చెప్పలే."

సోమయ్య నోరు తెరుచుకుని చూశాడు. ఓదెలు గోనెసంచుల మీద ఇబ్బందిగా కదిలాడు, ఈసారి అవును అనలేదు. ఇక పని అయిపోయిందని దత్తాత్రేయ ఊపిరి పీల్చుకున్నాడు.

సేవ్యా లేచాడు. ఎడ్ల వైపు పోలేదు. వచ్చి వంగి దత్తాత్రేయ కాళ్లు పట్టుకున్నాడు.

"ఓడ నీదే అయితే ఇగ కప్తాను ఎందుకు సేటూ. నువ్వు ఊ అను, చాలు."

అన్నేళ్లలో దత్తాత్రేయ దగ్గర మాట లేకపోవడం ఆ అరుగు మీద ఎవరూ చూడలేదు. కాళ్లు పట్టుకున్న చేతుల వైపు చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. రుక్మిణమ్మ చాయ్ పళ్లెం పట్టుకుని వచ్చింది. ఓడ కథ ఆమె ఎన్నిసార్లో తలుపు అవతల నుంచి వింది, ఎప్పుడూ ఒక్క మాట అడ్డం చెప్పలేదు. పళ్లెం కింద పెట్టి, భర్త వైపు చూడకుండా, లాలి పక్కన అరుగు అంచున కూర్చుంది.

"లాలీ, ఆ ఓడ ఎంత పొడుగో నన్నడుగు, చెప్త. మీ సేటు ఓడెక్కింది నిజం. సరుకున్న తావుల ఈయన చెప్పులేసుకోడు, నువ్వు చూస్తనే ఉన్నవ్ గద. దుకాణంల లక్ష్మి ఉంటదని చెప్పులు వాకిట్లనే ఇడుస్తడు. ఓదెలూ గంతే, సోమేశ్వరూ గంతే. గాడ ఓడ నిండ సరుకు. నిచ్చెన కాడ ముగ్గురు వరుసగ చెప్పులిడిసిన్రు. మెట్టుకు మొక్కిన్రు. ఉత్త కాళ్లతోని మీదికెక్కిన్రు. మే నెల. మిట్ట మధ్యాహ్నం. కాళ్ల కింద మొత్తం ఇనుము."

సోమయ్య ముందుకు వంగాడు. ఓదెలు తన కాళ్లను మెల్లగా పంచె లోపలికి ముడుచుకున్నాడు.

ఆమె గొంతు పెంచలేదు, నవ్వనూ లేదు. ముగ్గురూ ఆ ఇనుము మీద ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఎగురుతూ పరుగెత్తారని చెప్పింది. నిచ్చెన ఎటు ఉందో మరిచిపోయి ఒక చుట్టు తిరిగి వచ్చారని, అదే వాళ్లు ఓడ చూడడమని చెప్పింది. ఓడవాళ్లు పగలబడి నవ్వి, బొక్కెనతో నీళ్లు తెచ్చి వాళ్ల కాళ్ల మీద పోశారట.

"కప్తాను ఎట్లుంటడో ఈయనకెరుక లేదు. తల పైకెత్తితే గద, కాళ్ల దిక్కే చూసుకుంట దిగిండు. స్టేషన్ కాన్నుంచి ఇంటికి రిక్షాల వచ్చిండు. అరికాళ్ల నిండ బొబ్బలు. వానాకాలం వచ్చేదాక వెన్న రాసింది నేనే. గా ఓడ మీద కుర్చీ లేదు, చాయ్ లేదు, మీకు నౌకరీ లేదు. ఎడ్లనమ్ముకోకున్రి."

ముందు సోమయ్య నవ్వాడు. తర్వాత ఓదెలు నవ్వాడు, కాని అది దొరికిపోయినవాడి నవ్వు. సోమయ్య గోడకు తల ఆనించి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వడం మొదలుపెట్టాడు. దత్తాత్రేయకు సిగ్గు వేసింది. అయినా ఆ సిగ్గు కింద, భుజాల మీంచి బస్తా దింపినంత హాయిగా ఉంది. రుక్మిణమ్మ మీద కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు.

సేవ్యా ఒక్కడే నవ్వలేదు. ఎల్లుండి రైలు తప్పిపోయిన మనిషిలా నిలబడ్డాడు.

"ఏదీ, కాలు చూపియ్యి" అన్నాడు.

ఓడ కథకు సాక్ష్యం అడిగిన మొదటి మనిషి అతనే. దత్తాత్రేయ రెండు కాళ్లూ ముందుకు చాపాడు. అరికాళ్లలో మడమల దగ్గర, వేళ్ల కింద, చర్మం ఇంకా నున్నగా, మచ్చలు మచ్చలుగా ఉంది. సేవ్యా గొంతుక్కూర్చుని, ఎద్దు గిట్టను చూసినట్టు కాలు పట్టుకుని చూశాడు. మచ్చ మీద బొటనవేలితో ఒత్తి చూశాడు.

"మా ఎడ్లకు గిట్టల కింద నాడాలన్న ఉన్నయి సేటూ" అన్నాడు. "నీకు గవి కూడ లేకపాయె."

అన్నాక అతనికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులో కొంత దుఃఖం ఉంది. ఇప్పుడేం చేయాలో అతనికి తెలియదు, వాన ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేదు. లాలి మాత్రం అప్పటికే స్తంభం దగ్గరికి పోయి పలుపులు విప్పుతోంది. సేవ్యా చాయ్ తాగి, కప్పు పళ్లెంలో పెట్టి, రుక్మిణమ్మకు చెయ్యెత్తి మొక్కాడు. ఎడ్లను గూడూరు దారి వైపు మళ్లించారు. బజారు మలుపు దాకా ముందు లాలి, వెనక సేవ్యా కనిపించారు.

వాళ్లు పోయాక దత్తాత్రేయ కాళ్లు వెనక్కి లాక్కోవడం కూడా మరిచిపోయి కూర్చున్నాడు. రేపటి నుంచి ఈ అరుగు మీదికి ఎవరొస్తారు, వచ్చినా తన మాట ఎవరు వింటారు అనుకుంటున్నాడు. సోమయ్య లేచి కండువా దులుపుకుని, ఆయన అరికాళ్లను ఇంకోసారి పరీక్షగా చూశాడు.

"ఇన్నేండ్ల సంది నువ్వు మద్రాసే పోలేదనుకున్న సేటూ" అన్నాడు. "ఓడెక్కినవని ఇయ్యాల్నే నమ్మిన."